కెమెరా డ్రోన్: కొనేముందు, కొన్నాక తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లిలోనో సంక్రాంతి సంబరాల్లోనో డ్రోన్ ఎగరడం చూసి ముచ్చటపడి కొన్నవాళ్లలో చాలామంది కొన్ని నెలలకే దాన్ని అటకెక్కిస్తారు. మొదట్లో ఎదురయ్యే చికాకులు ముందే తెలిస్తే అలా జరగదు. ఈ జవాబులు కిలో లోపు బరువుండే, మడతపెట్టి సంచిలో వేసుకునే డ్రోన్లకు సంబంధించినవి. అంకెలు చెప్పాల్సిన చోట డీజేఐ కంపెనీ చిన్న డ్రోన్ మినీ 2ను ఉదాహరణగా తీసుకున్నాం.

లైసెన్సు కావాలా?

బరువును బట్టి, పనిని బట్టి ఉంటుంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు, అంతకు తక్కువ ఉంటే నానో. ఆపైన 2 కిలోల దాకా మైక్రో. నానో ఎగరేయడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోను సరదాకి ఎగరేసినా అక్కర్లేదు. అదే మైక్రోతో డబ్బు తీసుకుని పెళ్లి షూట్ చేస్తే మాత్రం కావాలి. మైక్రోకు రిజిస్ట్రేషన్ నంబరు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా ఉండాలి.

చాలామంది పొరబడేది బరువు దగ్గర. డ్రోన్‌కు తగిలించినవన్నీ కలిపి లెక్క. 249 గ్రాముల డ్రోన్‌కు ప్రొపెల్లర్ గార్డులో (రెక్కల చుట్టూ బిగించే రక్షణ చట్రాలు), రాత్రిపూట మెరిసే చిన్న లైటో తగిలిస్తే 250 దాటి మైక్రో అయిపోతుంది. పెద్ద బ్యాటరీ వేసినా అంతే. వంటింట్లో వాడే డిజిటల్ కాటా మీద ఒకసారి తూచి చూసుకోండి. నిబంధనలు ఉల్లంఘిస్తే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకోవచ్చా?

వద్దు. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది. పూర్తిగా తయారైనవే కాదు, విడదీసి తెచ్చి ఇక్కడ బిగించుకునేవి కూడా నిషేధమే. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. విడి భాగాల దిగుమతికి మాత్రం అడ్డు లేదు. సూట్‌కేసులో తెచ్చిన డ్రోన్‌ను ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే, తెచ్చిన మనిషి ఇరుక్కుంటాడు. ప్రయాణం చేసి అలసిపోయి వచ్చే బంధువును ఆ చిక్కులో పెట్టకండి.

మన దేశంలో 250 గ్రాములు దాటిన డ్రోన్ కొంటుంటే, ఆ మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ (ప్రమాణాలకు సరిపోతుందన్న ధ్రువపత్రం) ఉందా, రిజిస్ట్రేషన్ మీ పేరున అవుతుందా అని డబ్బు కట్టేముందే అడగండి. సెకండ్ హ్యాండ్ అయితే ఇంకోటి: పాత యజమాని యాప్ అకౌంట్ నుంచి డ్రోన్‌ను మీ కళ్ల ముందే అతని చేత తీసేయించండి. తర్వాత ఫోన్ చేస్తే ఎత్తకపోవచ్చు.

మా ఊళ్లో ఎక్కడైనా ఎగరేయవచ్చా?

డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లోని మ్యాప్ తెరిచి మీరున్న చోటు ఏ రంగులో ఉందో చూడండి. ఆకుపచ్చలో ఉంటే 120 మీటర్ల ఎత్తు దాకా అనుమతి అడగనక్కర్లేదు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య అయితే ఆ హద్దు 60 మీటర్లే. పసుపు రంగుకు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి, ఎరుపుకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. నానో డ్రోన్‌కైనా ఇదే మ్యాప్.

హైదరాబాద్‌లో శంషాబాద్‌తో పాటు బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి. అందుకే నగరంలో చాలా భాగం ఆకుపచ్చలో ఉండదు. విశాఖలో తూర్పు నౌకాదళ కేంద్రం, నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉండటంతో బీచ్ రోడ్డు మీద నిలబడి ఎగరేద్దామనే ఆలోచన మానుకోవాలి. సూర్యలంక తీరంలో వైమానిక దళ స్థావరం ఉంది. శ్రీహరికోట సంగతి చెప్పనక్కర్లేదు. తిరుమల కొండ మీద డ్రోన్ పూర్తిగా నిషేధం.

మ్యాప్‌లో ఆకుపచ్చ ఉన్నా సరిపోని చోట్లూ ఉన్నాయి. గోల్కొండ, చార్మినార్, రామప్ప వంటి రక్షిత కట్టడాల దగ్గర పురావస్తు శాఖ అనుమతి, కొల్లేరు, పులికాట్, నేలపట్టు లాంటి పక్షి కేంద్రాల దగ్గర అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. గూళ్లు కట్టే కాలంలో డ్రోన్ చప్పుడుకు పక్షులు గుడ్లు వదిలి లేచిపోతాయి. ఎంత అందమైన షాట్ అయినా ఆ నష్టానికి తగదు. ఎన్నికలు, ప్రముఖుల పర్యటనలప్పుడు పోలీసులు తాత్కాలిక నిషేధాలు పెడతారు. పల్లెలో అయితే ముందుగా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఉంచడం మంచిది. స్నానఘట్టాలు, ఇళ్ల పెరళ్లు, డాబాల మీదుగా కెమెరా తిప్పకండి. ఎదుటివాళ్లకు అది బెదురు పుట్టించే విషయం.

డబ్బా మీద 31 నిమిషాలు అని రాసి ఉంది. నాకు 20 నిమిషాలే ఎందుకొస్తోంది?

ఆ 31 నిమిషాలు గాలి లేనిచోట, బ్యాటరీ అడుగంటే దాకా లెక్కగట్టినవి. మీరు 20–25 శాతం మిగిలి ఉండగానే దించాలి. లేచేటప్పుడు, ఎదురుగాలిలో, వేగంగా ఎగిరే స్పోర్ట్ మోడ్‌లో ఖర్చు పెరుగుతుంది. అన్నీ పోను 20–23 నిమిషాలు చేతికొస్తే మీ బ్యాటరీ బాగున్నట్టే. అందుకే ఒక్క బ్యాటరీతో డ్రోన్ కొనడం దండగ. మూడుంటే ఒక ఉదయం నిశ్చింతగా గడుస్తుంది.

30 శాతం చూపిస్తూనే ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. లోపమా?

సాధారణంగా వోల్టేజి పడిపోవడమే కారణం. బ్యాటరీలో రెండు సెల్స్ ఉంటాయి. స్టిక్ ఒక్కసారిగా నెడితే నాలుగు మోటార్లూ కరెంటు లాగుతాయి. పాతబడిన సెల్ లేదా చల్లబడిన సెల్ ఆ లాగుడుకు తట్టుకోలేదు, శాతం ఎంత చూపించినా డ్రోన్ తనను తాను కాపాడుకోవడానికి దిగిపోతుంది. యాప్‌లో బ్యాటరీ వివరాలు తెరిస్తే రెండు సెల్స్ వోల్టేజీలూ విడివిడిగా కనిపిస్తాయి. వాటి మధ్య తేడా 0.1 వోల్టు దాటి అలాగే ఉండిపోతుంటే ఆ బ్యాటరీని నీళ్ల మీదికో, దూరానికో పంపకండి.

డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలోనో అరకులోనో ఇది తరచుగా జరుగుతుంది. బ్యాటరీని స్వెట్టర్ లోపలి జేబులో పెట్టుకుని వెచ్చగా ఉంచండి. లేపాక తల ఎత్తులో ఒక నిమిషం నిలబెట్టి, ఆ తర్వాతే ముందుకు వెళ్లండి. పొగమంచులోకి దూర్చకండి. లెన్సు మీద, రెక్కల మీద నీరు పడుతుంది, మోటార్లలోకి తేమ చేరుతుంది.

ఎండాకాలంలో ఎగరేయవచ్చా?

డ్రోన్ పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలు అని తయారీదారు చెబుతాడు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం ఆ హద్దు దాటిపోతుంది. ఉదయం 6 నుంచి 8 దాకా, సాయంత్రం 5 తర్వాత ఎగరేయండి. వెలుగు కూడా అప్పుడే బాగుంటుంది.

ఎండలో డ్రోన్‌కు అసలు ముప్పు నేల మీద ఉన్నప్పుడే. ఎగురుతుంటే రెక్కల గాలి లోపలి చిప్‌లను చల్లారుస్తుంది. ఆన్ చేసి కింద పెట్టి సెట్టింగ్‌లు వెతుక్కుంటూ, అప్‌డేట్లు ఎక్కించుకుంటూ కూర్చుంటే అయిదారు నిమిషాల్లోనే వేడి హెచ్చరిక వస్తుంది. అప్‌డేట్లు ఇంట్లో ఫ్యాన్ కింద చేసుకోండి. డ్రోన్ కంటే ముందు ఫోను చేతులెత్తేస్తుంది: స్క్రీన్ మసకబారుతుంది, యాప్ ఆగిపోతుంది. గొడుగు పట్టుకునే మనిషి తోడుంటే సగం బాధ తీరుతుంది. బ్యాటరీలను ఎండలో నిలిపిన కారులో వదలకండి. దించిన వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, చేతికి చల్లగా తగిలేదాకా అరగంటైనా ఆగండి.

చాలా రోజులు వాడకపోతే బ్యాటరీ ఎలా దాచాలి?

40–60 శాతం మధ్య ఉంచి, చల్లని పొడిచోట పెట్టండి. నిండుగా ఉంచితే సెల్స్ ఉబ్బుతాయి, ఖాళీగా ఉంచితే చచ్చిపోతాయి. కొత్త రకం బ్యాటరీలు నిండుగా ఉన్నా కొన్ని రోజులకు వాటంతటవే కొంత తగ్గించుకుంటాయి. అప్పుడు కొంచెం వెచ్చగా తగిలితే భయపడకండి. నొక్కినా లైట్లు వెలగని బ్యాటరీ నిద్రలోకి వెళ్లి ఉండవచ్చు, ఛార్జర్‌కు పెడితే లేస్తుంది. మూడు నెలలకోసారి నింపి, వాడి, మళ్లీ సగానికి తెచ్చి పెట్టండి.

ఉబ్బినదాన్ని గుర్తించడం తేలిక. బల్ల మీద పెట్టి మూల నొక్కితే ఊగుతుంది, డ్రోన్‌లోకి బిగువుగా దూరుతుంది. అలాంటిదాన్ని మళ్లీ ఛార్జ్ చేయకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి. పొడి ఇసుక పోసిన రేకు డబ్బాలో ఇంటి బయట ఉంచి, ఈ-వేస్ట్ సేకరించేవాళ్లకు ఇవ్వండి.

విమానంలో వెళ్తుంటే బ్యాటరీలన్నీ చేతి సంచిలోనే. చెక్-ఇన్‌లో వేయకూడదు. మినీ 2 బ్యాటరీ సుమారు 17 వాట్ అవర్లే కాబట్టి విమానాల్లో ఉండే 100 వాట్ అవర్ల హద్దుకు చాలా దూరం. పిన్నుల మీద టేపు అంటించండి.

డాబా మీద నుంచి లేపితే ప్రతిసారీ కంపాస్ ఎర్రర్ ఎందుకు?

స్లాబులో ఇనుప చువ్వలు ఉంటాయి కాబట్టి. నేల మీద ఉన్నప్పుడు డ్రోన్ కంపాస్ ఆ ఇనుముకు పది సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, దిక్కు తప్పుగా చదువుతుంది. కారు బానెట్, మ్యాన్‌హోల్ మూత, ఇనుప గేటు పక్కన కూడా ఇదే కథ. ఈ సందేశం రాగానే చాలామంది అక్కడే నిలబడి కంపాస్‌ను కాలిబ్రేట్ చేసేస్తారు, అంటే దానికి దిక్కులు కొత్తగా నేర్పుతారు. అది ఇంకా ప్రమాదం. ఇనుము ప్రభావాన్నే సరైనదిగా డ్రోన్‌కు నేర్పినట్టవుతుంది. పైకి లేచి ఇనుముకు దూరం కాగానే దాని లెక్క తప్పుతుంది, ఒకేచోట నిలబడకుండా గిరగిరా వలయాలు తిరుగుతుంది, వలయం పెద్దదవుతూ పోతుంది. అలా తిరగడం మొదలైతే షాట్ సంగతి మరచి వెంటనే దించేయండి.

మట్టి నేల మీదికి వెళ్లండి. జేబులోంచి తాళాలు, చేతి గడియారం తీసేసి అప్పుడు కాలిబ్రేట్ చేయండి: అడ్డంగా పట్టుకుని ఒక చుట్టు, ముక్కు కిందికి పెట్టి ఒక చుట్టు. డాబా తప్ప గతి లేకపోతే ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి లేపండి. ఆ రెండడుగుల ఎత్తే చాలావరకు సరిపోతుంది.

రిటర్న్ టు హోమ్ నొక్కితే చెట్టుకు గుద్దుకుంది. సొంతంగా తప్పించుకోదా?

ముందువైపు సెన్సర్లు లేని డ్రోన్ తప్పించుకోదు. మీరు సెట్ చేసిన ఎత్తుకు లేచి, ఇంటివైపు తిన్నగా వచ్చి, కిందికి దిగుతుంది. దారిలో ఏముందో దానికి తెలియదు. సెన్సర్లున్న డ్రోన్లు కూడా కరెంటు తీగలను, ఎండిన సన్నటి కొమ్మలను పసిగట్టలేవు.

అందుకే లేపేముందు చుట్టూ చూసి, అన్నిటికంటే ఎత్తైనదానికి 15–20 మీటర్లు కలిపి ఆ ఎత్తును సెట్ చేయండి. కోనసీమలో కొబ్బరి చెట్లు 20–25 మీటర్లు ఉంటాయి, కాబట్టి 40–45. సెల్ టవరో హైటెన్షన్ లైనో ఉంటే 60 పైన. ఊరు మారినప్పుడల్లా ఈ అంకె మార్చాలి, నిన్నటి ఊరి ఎత్తు ఇవాళ పనికిరాదు.

ఇల్లు అంటే మీరు లేపిన చోటు, అదీ అప్పటికి జీపీఎస్ కుదిరి ఉంటేనే. తొందరపడి ఉపగ్రహాలు పది దాకా దొరక్కముందే లేపితే, జీపీఎస్ ఎక్కడ కుదిరిందో దాన్నే ఇల్లనుకుంటుంది. అది చెరువు మధ్య కావచ్చు. ‘హోమ్ పాయింట్ అప్‌డేట్ అయింది’ అన్న మాట వినపడేదాకా కదలకండి. గోదావరిలో లాంచీ మీద నుంచి లేపితే మరీ జాగ్రత్త. లాంచీ పాపికొండల వైపు వెళ్లిపోతుంటే డ్రోన్ మాత్రం వెనక ఖాళీ నీళ్ల మీదికి తిరిగివచ్చి దిగబోతుంది. అక్కడ రిటర్న్ మీద ఆధారపడకుండా చేత్తోనే తెచ్చుకోవాలి.

ఇంకొక చిక్కు ఎదురుగాలి. మినీ 2 మామూలు మోడ్‌లో సెకనుకు 10 మీటర్లు వెళ్తుంది. పైన గాలి కూడా అంతే ఉంటే ముందుకు కదలదు, బ్యాటరీ మాత్రం తరుగుతూ ఉంటుంది. రిటర్న్ రద్దు చేసి, అడ్డులు లేనిచోట ఎత్తు తగ్గించి, స్పోర్ట్ మోడ్‌లో తెండి. కింద గాలి తక్కువగా ఉంటుంది. అసలు మొదటే గాలికి ఎదురుగా వెళ్లి, వచ్చేటప్పుడు గాలివాటుగా వచ్చేలా చూసుకుంటే ఈ బాధ రాదు.

భీమిలి బీచ్‌కు తీసుకెళ్లి వచ్చాక మోటారు గరగరమంటోంది. ఎందుకు?

ఆ తీరపు ఇసుకలో నల్లటి రేణువులు గమనించారా? ఇల్మెనైట్, మాగ్నెటైట్ వంటి బరువైన ఖనిజాలవి. మాగ్నెటైట్ అయస్కాంతానికి అంటుకుంటుంది. డ్రోన్ మోటారు పై గిన్నె లోపలి అంచు పొడవునా బలమైన అయస్కాంతాలే ఉంటాయి. ఇసుక మీద నుంచి లేపినప్పుడు రెక్కల గాలికి ఆ రేణువులు లేచి లోపలికి దూరి అయస్కాంతాలకు అతుక్కుంటాయి. గిన్నెకూ లోపలి తీగచుట్టకూ మధ్య సందు చాలా సన్నం, అక్కడ రాసుకుంటాయి. ఊదితే పోవు, దులిపితే రాలవు.

బ్యాటరీ తీసేసి, ఒక్కో మోటారునూ వేలితో మెల్లగా తిప్పండి. బాగున్నది నూనె రాసినట్టు తిరుగుతుంది, ఇసుక చేరినది వేలికి గరుకుగా తగులుతుంది. సెల్లోటేపును సన్నటి పట్టీగా కత్తిరించి సందులోకి పోనిచ్చి, అద్ది, తీయండి. నల్లచుక్కలు టేపుకు అంటుకుని వస్తాయి. టేపు శుభ్రంగా వచ్చేదాకా కొత్త పట్టీలతో చేయండి. పంక్చర్ షాపు గాలి కొట్టించకండి, తేమతో కలిసి రేణువులు ఇంకా లోపలికి పోతాయి. నూనె వేయకండి. అప్పటికీ గరగర పోకపోతే మోటారు మార్చాల్సిందే.

ఇది రాకుండా ఉండాలంటే 75 సెంటీమీటర్ల మడత ల్యాండింగ్ ప్యాడ్ ఒకటి కొని, మూలల్లో మేకులు దిగ్గొట్టి వాడండి. దాని అంచుల్లోంచి కూడా ఇసుక లేస్తుంది కాబట్టి లేవగానే వెంటనే రెండు మీటర్లు పైకి వెళ్లిపోండి. ఇంటికొచ్చాక ఉప్పుగాలి తడి పోయేలా కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి, ఆపై పొడిగుడ్డతో తుడవండి.

చెరువు నీళ్లకు దగ్గరగా ఎంత కిందికి ఎగరేయవచ్చు?

మూడు మీటర్ల కంటే కిందికి వద్దు. పొట్ట కింద కెమెరా నేల మీది గుర్తులను చూసి డ్రోన్‌ను నిలబెడుతుంది. నీటి మీద గుర్తులుండవు, అలలు కదులుతుంటే నేలే కదులుతోందనుకుని డ్రోన్ వాటితో పాటు జరుగుతుంది.

గద్దలు మీదికొస్తే?

నేరుగా పైకి లేపండి. గద్ద పైనుంచి దూకి కొడుతుంది, డ్రోన్‌తో సమానంగా నిట్టనిలువుగా లేవడం దానికి కష్టం. కాకులు గుంపుగా అరుస్తుంటే గూడు దగ్గరున్నట్టు, అక్కడి నుంచి తప్పుకోండి. జనవరిలో పక్షులకంటే గాలిపటాల మాంజా ప్రమాదం. దారం స్క్రీన్‌లో కనపడదు, రెక్కకు చుట్టుకుంటే డ్రోన్ రాయిలా పడుతుంది. సంక్రాంతి మూడు రోజులూ ఊరి మీద ఎగరేయకండి.

వీడియో అదురుతున్నట్టు, ముక్కలు ముక్కలుగా వస్తోంది. కెమెరా పాడైందా?

కాదు, షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా తెరుచుకుని మూసుకోవడం, మరీ వేగంగా ఉంది. మినీ 2 లెన్సు అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) 2.8 దగ్గర బిగించి ఉంటుంది, మారదు. నడి ఎండలో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100 పెట్టినా షట్టర్ సెకనులో 3200వ వంతుకు వెళ్తుంది. ప్రతి ఫ్రేమూ కోసినట్టు పదునుగా ఉండి, కదలిక తెగిపోతుంది. సెకనుకు 25 ఫ్రేములు తీస్తుంటే షట్టర్ 1/50 ఉండాలి. దానికి లెన్సుకు చలువ కళ్లద్దాల్లాంటి ఎన్‌డీ ఫిల్టర్ పెట్టాలి: మధ్యాహ్నానికి ఎన్‌డీ 64, ఉదయం సాయంత్రాలకు 16, పొద్దు గుంకేవేళ ఏదీ వద్దు. డ్రోన్ ఆన్ చేయకముందే బిగించండి.

రాత్రి తిరునాళ్ల లైట్లు వీడియోలో మిణుకుమంటే మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం కారణం. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే చాలావరకు ఆగుతుంది.

గింబల్ ఓవర్‌లోడ్ అని వస్తోంది.

గింబల్ అంటే కెమెరాను అదరకుండా పట్టుకునే భాగం. ముందు కెమెరా మూత తీశారో లేదో చూడండి, ఎక్కువసార్లు అదే. తర్వాత గడ్డి మీద పెట్టారా చూడండి: గడ్డి పరక తగిలినా ఆ సందేశం వస్తుంది. రెండూ కాకపోతే కెమెరా వెనక రిబ్బన్ కేబుల్ చిరిగిందేమో రిపేరు చేసేవాళ్లకు చూపించాలి.

రికార్డు చేసిన ఫైలు తెరుచుకోవడం లేదు.

రికార్డింగ్ ఆపకుండా డ్రోన్ ఆఫ్ చేసి ఉంటారు. ఫైలు ముగింపు రాసుకునే సమయం దానికి దొరకలేదు. అదే కార్డును మళ్లీ డ్రోన్‌లో పెట్టి ఆన్ చేసి ఒక నిమిషం వదిలేస్తే కొన్నిసార్లు సరిచేసుకుంటుంది. కార్డు మీద వీ30 అనే వేగం గుర్తు ఉండాలి. ఫార్మాట్ డ్రోన్‌లోనే చేయాలి. 4కే వీడియో నిమిషానికి సుమారు 750 ఎంబీ తింటుంది కాబట్టి 64 జీబీ కార్డు గంటా ఇరవై నిమిషాలకు పైగా వస్తుంది.

ఇన్ని తిప్పలు పడి ఎగరేస్తే దక్కేదేమిటి?

మీరు పుట్టి పెరిగిన ఊరే మీకు కొత్తగా కనిపిస్తుంది. చెరువు గట్టు ఎందుకు ఆ వంపు తిరిగిందో, తూము నుంచి కాలువ ఏ పొలాలను తడుపుతూ పోతుందో గట్టు మీద నిలబడితే తెలియదు. 40 మీటర్ల ఎత్తు నుంచి ఒక్క చూపులో అర్థమవుతుంది. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు గోదావరి ఇసుక తిన్నెల మీద పాత పాయల జాడలు గీతలు గీతలుగా బయటపడతాయి. నాట్లు వేసే రోజున పొద్దున్నే, దమ్ము చేసిన మడుల్లో ఆకాశం పరుచుకుని ఉంటే, వరుసగా వంగిన మనుషుల నీడలు నీళ్ల మీద పొడవుగా సాగుతాయి. ఆ దృశ్యం నేల మీది కెమెరాకు దొరకదు.

అందుకు 120 మీటర్లు ఎక్కనక్కర్లేదు. అంత ఎత్తులో అన్నీ చదునైపోయి మ్యాపులా ఉంటాయి. 25–40 మీటర్ల మధ్య, కెమెరా కాస్త కిందికి వంచి, ఎండ పక్కనుంచి పడేలా నిలబడండి. కదలిక నెమ్మదిగా, ఒకే దిక్కున, పది సెకన్లు ఆపకుండా ఉండాలి. ఇంట్లో నడవలేని పెద్దవాళ్లుంటే వాళ్ల చిన్ననాటి వీధినో మామిడి తోటనో తీసి టీవీలో పెట్టండి. ఏ ఇల్లు ఎవరిదో వాళ్లు చెబుతుంటే ఆ మాటలూ రికార్డు చేసుకోండి.

పొలానికి చిన్న డ్రోన్ పనికొస్తుందా?

మందు కొట్టడానికి కాదు, చూడటానికి బాగా పనికొస్తుంది. మినీ 2తో 60 మీటర్ల నుంచి నిలువుగా కిందికి తీస్తే ఒక్క ఫొటోలో సుమారు ఎకరన్నర పడుతుంది. ఒక పిక్సెల్ నేల మీద రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. నాటు పడని ఖాళీలు, నీరు నిలిచిన మడి, గండి పడిన గట్టు, పసుపు తిరిగిన మూల స్పష్టంగా తెలుస్తాయి. ఫొటోలను ముందూ వెనకా 75 శాతం, పక్కకు 70 శాతం ఒకదానిపై ఒకటి పడేలా తీసుకుంటే అయిదెకరాలకు 60–70 చాలు, ఒక బ్యాటరీలో అయిపోతుంది. వెబ్ఓడీఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఒకే పెద్ద చిత్రంగా అతుకుతుంది. పదిహేను రోజులకోసారి అదే ఎత్తు నుంచి తీసి పక్కపక్కన పెట్టుకోండి. అయితే దీన్ని పట్టుకుని పక్క రైతుతో గట్టు తగాదాకు వెళ్లకండి. మామూలు జీపీఎస్‌లో మీటర్ల తేడా ఉంటుంది, హద్దులు తేల్చడం సర్వేయర్ పని.

సంపాదన కూడా వస్తుందా?

రావచ్చు. నానో దాటిన డ్రోన్‌తో డబ్బు పని చేయాలంటే గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ పొందాలి. వయసు 18–65, పదో తరగతి పాసై ఉండాలి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. తెలంగాణలో రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ, గుంటూరులో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం శిక్షణ ఇస్తున్నాయి. పెళ్లి పనుల్లో జనం తలల మీదుగా ఎగరేయమని ఒత్తిడి వస్తుంది. దానికి ఒప్పుకోనని బేరం కుదుర్చుకునేటప్పుడే చెప్పేయండి.

కొబ్బరిచెట్టు మీద ఇరుక్కుంది. ఇప్పుడేం చేయాలి?

మోటార్లు మళ్లీ తిప్పకండి. రెక్కలు మట్టలకు తగిలి విరుగుతాయి, మోటార్లు కాలిపోతాయి. రిమోట్‌లో రెండు స్టిక్కులూ కిందికి, లోపలివైపుకు లాగి పట్టుకుని మోటార్లు ఆపేయండి. బ్యాటరీ ఉన్నంతసేపూ ‘నా డ్రోన్ వెతుకు’ నొక్కి బీప్ చప్పుడును బట్టి ఏ చెట్టో గుర్తుపెట్టుకోండి. చివరి జీపీఎస్ చోటును స్క్రీన్‌షాట్ తీసుకోండి. చెట్టెక్కే మనిషిని పిలిపించి, పైన ముందు బ్యాటరీ లాగేసి తర్వాతే తీయమని చెప్పండి. దగ్గర్లో కరెంటు తీగలుంటే ఎవరినీ ఎక్కించకండి, లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించాకే ఎక్కాలి.

దించాక వెంటనే ఎగరేయకండి. రెక్కల అంచులను గోరుతో తడిమి, ఎక్కడైనా గోరు ఆగితే ఆ మోటారు రెక్కలు రెండూ మార్చండి. మరలు కూడా కొత్తవే వేయండి, పాతవాటికి బిగువు పోయి ఉంటుంది. చేతుల మడత దగ్గర పగుళ్లు చూడండి. ఉప్పునీళ్లలో పడి ఉంటే బ్యాటరీ తీసేసి, మంచినీళ్లతో కడిగి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టాలి. ఆ బ్యాటరీని మాత్రం మళ్లీ వాడకూడదు. బియ్యంలో పాతిపెట్టడం వల్ల ఉపయోగం లేదు, పిండి దుమ్ము మోటార్లలోకి పోతుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఇంట్లో సమతలం బల్ల మీద చల్లగా ఉన్నప్పుడు ఐఎంయూను (డ్రోన్ వంపునూ కదలికనూ కొలిచే సెన్సర్) కాలిబ్రేట్ చేసి, తర్వాత బహిరంగ మైదానంలో మోకాలెత్తున రెండు నిమిషాలు నిలబెట్టి చూడండి. పక్కకు జరగకుండా, అదరకుండా నిలబడితేనే పైకి పంపండి.